కాలం చెల్లిన సైనిక నిల్వలు: సూపర్‌క్రిటికల్ నీరు ఏ పని చేయగలదు, ఏది చేయలేదు

కాలం చెల్లిన మందుగుండును, రసాయన ఆయుధాలను, సైనిక విమానాశ్రయాల్లో మిగిలిపోయిన పాత అగ్నిమాపక నురుగును ఆరుబయట తగలబెట్టకుండా సూపర్‌క్రిటికల్ ద్రవాలతో శుభ్రంగా వదిలించుకోవచ్చంటున్నారు, అది నిజమేనా, నిజమైతే ఇన్నేళ్లయినా అన్నిచోట్లా ఎందుకు వాడడం లేదు అని మీరు అడిగారు. మొదటి ప్రశ్నకు జవాబు నిజమేనని. కాకపోతే ఈ పద్ధతి ఆయుధాన్ని వదిలించదు. ఆయుధంలోంచి బయటికి తీసి, ద్రవంగా మార్చి, తగినంత పలచన చేసి పంపుకు అందించిన రసాయనాన్ని మాత్రమే వదిలిస్తుంది. రెండో ప్రశ్నకు జవాబు చాలావరకు ఈ తేడాలోనే ఉంది. రియాక్టర్ లోపల జరిగే రసాయన చర్య గురించి పెద్దగా సందేహాలేమీ మిగల్లేదు. ఇబ్బందులన్నీ రియాక్టర్‌కు ముందు, దాని తర్వాత, దాని గోడల మీద ఉన్నాయి.

ముందుగా, ఆరుబయట తగలబెట్టడంలో ఉన్న చిక్కు ఏమిటో చూద్దాం. పాత పేలుడు పదార్థాలను గుంటలో పేర్చి పేల్చివేయడం, ప్రొపెల్లెంట్‌ను (గుండును, రాకెట్‌ను ముందుకు నెట్టే మందును) పళ్లేల్లో పోసి కాల్చివేయడం చాలా సైన్యాలకు దశాబ్దాల అలవాటు. పనివాళ్లు పదార్థాన్ని చేత్తో ముట్టుకోవలసిన అవసరం తక్కువ కాబట్టి ఇది సురక్షితమని వాదించేవాళ్లున్నారు, ఆ వాదనలో కొంత నిజం కూడా ఉంది. అయితే పొగను పట్టి కడిగే ఏర్పాటు అక్కడ ఉండదు. పూర్తిగా కాలని ఆర్‌డీఎక్స్ అనే పేలుడు పదార్థం, సీసం, రాకెట్ ఇంధనాల్లోని పెర్‌క్లోరేట్ లవణం వంటివి నేలలోకి, అక్కడినుంచి భూగర్భజలాల్లోకి దిగుతాయి. అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో క్యాంప్ మిండెన్ అనే చోట 2012 అక్టోబరులో ఒక నిల్వగది పేలిపోయాక, దాదాపు 70 లక్షల కిలోల ఎం6 ప్రొపెల్లెంట్ అక్కడ పద్ధతీ పాడూ లేకుండా పోగుపడి ఉందని బయటపడింది. దాన్ని ఆరుబయట కాల్చాలన్న ప్రతిపాదనను చుట్టుపక్కల జనం గట్టిగా వ్యతిరేకించారు, చివరకు 2016–17లో మూసిన గదిలో కాల్చి, పొగను శుద్ధి చేసి వదిలారు. అమెరికా జాతీయ అకాడమీలు 2018లో ఇచ్చిన నివేదిక కూడా సాధారణ మందుగుండులో అధికభాగానికి ఆరుబయట కాల్చడం కాకుండా వేరే పరిణత పద్ధతులు ఉన్నాయనే చెప్పింది. రసాయన ఆయుధాల విషయంలోనైతే ఆ వెసులుబాటు కూడా లేదు. 1997లో అమల్లోకి వచ్చిన రసాయన ఆయుధాల ఒడంబడిక వాటిని నీటిలో పారబోయడాన్ని, నేలలో పాతిపెట్టడాన్ని, ఆరుబయట గుంటల్లో కాల్చడాన్ని స్పష్టంగా నిషేధించింది.

ఇక విషయంలోకి వస్తే, ప్రతి ద్రవానికీ ఒక సందిగ్ధ ఉష్ణోగ్రత, ఒక సందిగ్ధ పీడనం ఉంటాయి. ఆ రెండూ దాటాక ద్రవానికి, వాయువుకు మధ్య హద్దు చెరిగిపోతుంది, దాన్నే సూపర్‌క్రిటికల్ స్థితి అంటారు. ఆ స్థితిలో పదార్థం వాయువులా చొచ్చుకుపోతుంది, ద్రవంలా కరిగించుకుంటుంది. నీటికి ఈ హద్దు 374 డిగ్రీల సెల్సియస్, 221 బార్లు (ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత). కార్బన్ డయాక్సైడ్‌కు 31 డిగ్రీలు, 74 బార్లు. అమ్మోనియాకు 132 డిగ్రీలు, 113 బార్లు. ఈ అంకెలు చూస్తేనే ఎవరి పని ఏమిటో కొంత తెలిసిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ మెత్తటి ద్రావణి, పదార్థాన్ని చెడగొట్టకుండా విడదీసి తిరిగి వాడుకోవడానికి పనికొస్తుంది. నీరు అందుకు పూర్తి విరుద్ధం, ఆక్సిజన్ తోడైతే అందులో ఏ కర్బన పదార్థమూ మిగలదు. సైనిక వ్యర్థాల గురించి మాట్లాడేటప్పుడు చాలామంది ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తారు. ఒకటి విడదీసే పద్ధతి, మరొకటి నాశనం చేసే పద్ధతి, వాటి జమాఖర్చులూ ప్రమాదాలూ పూర్తిగా వేరు.

నీటి సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మామూలు నీటి రోధక స్థిరాంకం, అంటే విద్యుదావేశాలను ఒకదాన్నుంచి ఒకటి విడదీసి ఉంచే శక్తికి కొలత, దాదాపు 80. అందుకే అది ఉప్పును ఇట్టే కరిగించుకుంటుంది, నూనెను దగ్గరికి రానివ్వదు. 250 బార్ల పీడనంలో 450 డిగ్రీలు దాటేసరికి ఆ స్థిరాంకం 2 దరిదాపులకు పడిపోతుంది, సాంద్రత కూడా మామూలు నీటి సాంద్రతలో దాదాపు తొమ్మిదో వంతుకు తగ్గిపోతుంది. నీటి స్వభావం తలకిందులవుతుంది. నూనెలు, ద్రావణులు, పేలుడు పదార్థాల విచ్ఛిన్న ఉత్పత్తులు, ఆక్సిజన్ అన్నీ అందులో ఏ నిష్పత్తిలోనైనా కలిసిపోయి ఒకే ప్రావస్థగా ఉంటాయి. మంటలో ఇంధనం ఆక్సిజన్‌ను వెతుక్కోవాలి. ఇక్కడ రెండూ అణువుల స్థాయిలోనే కలిసి ఉంటాయి కాబట్టి 550–650 డిగ్రీల దగ్గర కొన్ని సెకన్ల నుంచి ఒక నిమిషం లోపు కర్బనమంతా కార్బన్ డయాక్సైడ్‌గా, హైడ్రోజన్ నీరుగా, నైట్రోజన్ చాలావరకు నైట్రోజన్ వాయువుగా మారిపోతాయి. క్లోరిన్, ఫ్లోరిన్, గంధకం, భాస్వరం తమతమ ఆమ్లాలుగా గాని, క్షారం కలిపితే లవణాలుగా గాని బయటపడతాయి. వెయ్యి డిగ్రీలకు పైన నడిచే దహన కొలిమితో పోలిస్తే నైట్రోజన్ ఆక్సైడ్లు చాలా తక్కువ, డయాక్సిన్లనే విషాల బెడద దాదాపు ఉండదు. నాశన సామర్థ్యం 99.99 శాతం, కొన్ని పదార్థాలకు అంతకుమించి రావడం ప్రయోగశాలల్లోనూ పైలట్ యంత్రాల్లోనూ పదేపదే రుజువైంది. అన్నిటికంటే నాకు నచ్చిన గుణం వేరొకటుంది. బయటికి వచ్చేది పొగగొట్టంలోంచి పోయేది కాదు, చల్లారిన ద్రవం, దానితోపాటు కొంత వాయువు. ద్రవాన్ని తొట్టిలో పట్టి ఉంచి, పరీక్షించి, బాగుంటేనే వదలవచ్చు. బాగా లేకపోతే మళ్ళీ రియాక్టర్‌కే పంపవచ్చు. కొలిమికి ఆ అవకాశం లేదు.

ఇంత మంచి పద్ధతి ఎక్కడ తడబడుతుందంటే, దాని బలం ఎక్కడుందో సరిగ్గా అక్కడే. నూనెను కరిగించుకునే నీరు ఉప్పును వదిలేస్తుంది. మామూలు వేడిలో 100 గ్రాముల నీటిలో 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. 250 బార్లలో 450 డిగ్రీల దగ్గర అది పది లక్షల పాళ్లలో కొన్ని వందల పాళ్లకు మించదు. సైనిక వ్యర్థాల్లో గంధకం, భాస్వరం, క్లోరిన్, ఫ్లోరిన్ లేనివి అరుదు. వాటి ఆమ్లాలను తటస్థం చేయడానికి కాస్టిక్ సోడా కలపక తప్పదు, కలిపితే లవణం రాక తప్పదు. రియాక్టర్ నడిపినవాళ్లందరికీ ఈ దృశ్యం పరిచయమే. ప్రవేశం దగ్గర, నిష్క్రమణ దగ్గర ఉన్న రెండు పీడన మీటర్ల మధ్య తేడా మొదట్లో నిలకడగా ఉంటుంది, తర్వాత మెల్లగా పెరగడం మొదలుపెడుతుంది. ఒక్కోసారి హఠాత్తుగా తగ్గుతుంది. అది చూసి సమస్య తీరిందనుకోకూడదు. గోడనుంచి ఒక పెళ్ల ఊడి కిందికి కొట్టుకుపోయిందని, ఇంకాసేపట్లో పీడనాన్ని తగ్గించే వాల్వు దగ్గర ఇరుక్కుంటుందని దాని అర్థం. చల్లార్చి విప్పి చూస్తే గొట్టం లోపలి గోడంతా గోటితో గీకినా రాని తెల్లటి గట్టి పొర కట్టి ఉంటుంది. మామూలు నీళ్లతో కడిగితే ఆ పొరలో చాలా భాగం కరిగిపోతుంది. అంటే నడిపేటప్పుడు బండరాయిలా ఉన్నది ఆపి చల్లార్చాక కరిగే ఉప్పే. అందుకే చాలా యంత్రాలు కొన్ని గంటలు నడిచి, కడుక్కొని, మళ్ళీ నడవాలి.

రెండో ఇబ్బంది లోహక్షయం. సందిగ్ధ బిందువు దాటిన చోట అది మరీ ఎక్కువని అనుకోవడం సహజం. నిజానికి దానికి కాస్త ముందు, నీరు వేడెక్కే దారిలోనూ చల్లారే దారిలోనూ 300 నుంచి 380 డిగ్రీల మధ్య పరిస్థితి దారుణంగా ఉంటుంది. అక్కడ నీరు ఇంకా చిక్కగానే ఉండి అయాన్లను మోస్తుంది, వేడి మాత్రం విపరీతం. క్లోరైడ్ ఉన్న ఆమ్లద్రవం ఆ ప్రాంతంలో నికెల్ ఆధారిత మిశ్రలోహాలను కూడా కొరికేస్తుంది. ఇంకొనెల్ 625, హాస్టెల్లాయ్ సి-276 వంటివి కొన్ని ద్రవాలకు తట్టుకుంటాయి, మరికొన్నిటికి లొంగిపోతాయి. టైటానియం తొడుగు క్లోరైడ్‌కు బాగా నిలుస్తుంది గాని అధిక ఉష్ణోగ్రతలో దానికి బలం చాలదు కాబట్టి పీడనాన్ని మోసే పని బయటి గొట్టానికి అప్పగించాలి. బయటికి వస్తున్న నీటికి లేత పసుపు ఛాయ తగిలిందంటే నేను ముందు అనుమానించేది లోపలికి పంపిన వ్యర్థాన్ని కాదు, రియాక్టర్ గోడను. మిశ్రలోహంలోని క్రోమియం ఆక్సీకరణం చెంది క్రోమేట్‌గా కరిగి వచ్చేస్తోందని అది సంకేతం. ఆరు సంయోజకత గల ఆ క్రోమియం తానే ఒక విషం. సైన్యపు విషాన్ని నాశనం చేస్తూ యంత్రపు విషాన్ని నదిలోకి వదిలితే ఆ పద్ధతిని శుభ్రమైనదని ఎవరూ అనలేరు.

ఈ రెండు ఇబ్బందులకు విరుగుళ్లు లేకపోలేదు. గోడలోని సన్నని రంధ్రాలగుండా శుభ్రమైన నీటిని నిరంతరం లోపలికి చెమర్చేలా చేసి, లవణాలూ ఆమ్లాలూ గోడను తాకకుండా ఆపే రియాక్టర్‌ను 1990లలో అమెరికాలోని పైన్ బ్లఫ్ ఆయుధాగారంలో ఉన్న రంగుల పొగబాంబుల అద్దకాల కోసం రూపొందించారు. ఆలోచన గొప్పది. కానీ గోడను కాపాడటానికి పోసే నీరంతా కూడా వేడెక్కాలి, 250 బార్లకు ఎక్కాలి కాబట్టి ఖర్చు పెరుగుతుంది. ఏ విరుగుడైనా ఇంతే, ఒక చోట తీర్చి మరోచోట అడుగుతుంది.

రసాయన ఆయుధాల చరిత్రలో ఈ పద్ధతికి జరిగినది తెలుసుకుంటే మీ రెండో ప్రశ్నకు జవాబు ఇంకా స్పష్టపడుతుంది. దహనానికి ప్రత్యామ్నాయాలు వెతకాలని అమెరికా కాంగ్రెస్ 1996లో నిర్ణయించింది. కెంటకీలోని బ్లూ గ్రాస్ డిపో చుట్టుపక్కల ప్రజలు అప్పటికి పన్నెండేళ్లుగా కొలిమి వద్దని పోరాడుతున్నారు. అక్కడ సారిన్, వీఎక్స్, మస్టర్డ్ కలిపి 523 అమెరికన్ టన్నుల విషం ఉంది. 2003లో ఆ చోటికి ఎంచుకున్న పద్ధతిలో రెండు మెట్లున్నాయి. మొదట విషాన్ని వేడి నీటితో గాని క్షారంతో గాని జలవిశ్లేషణ చేసి (అంటే నీటితో దాని అణువును విడగొట్టి) దాని విషప్రభావాన్ని చంపడం, తర్వాత మిగిలిన ద్రవాన్ని సూపర్‌క్రిటికల్ నీటిలో ఆక్సీకరణం చేయడం. రెండో మెట్టు ఎందుకు కావలసి వచ్చిందో గమనించాలి. మస్టర్డ్ జలవిశ్లేషణలో ప్రధానంగా థయోడైగ్లైకాల్ వస్తుంది, దాన్ని బాక్టీరియా తినగలవు. కొలరాడోలోని ప్యూబ్లోలో మస్టర్డ్ మాత్రమే ఉంది కాబట్టి అక్కడ సూక్ష్మజీవులతోనే పని జరిగింది, 2023 జూన్‌లో పూర్తయింది. సారిన్, వీఎక్స్ వంటి నాడీమండల విషాలు అలా కావు. జలవిశ్లేషణ తర్వాత కూడా వాటిలో భాస్వరానికి, కార్బన్‌కు మధ్య ఉన్న బంధం తెగదు, ఆ బంధం ఉన్న పదార్థాలు ఒడంబడిక జాబితాలోనే కొనసాగుతాయి. ఆ బంధాన్ని తెంచి భాస్వరాన్ని మామూలు ఫాస్ఫేట్‌గా మార్చడానికే సూపర్‌క్రిటికల్ నీరు.

కాగితం మీద దీనికి తిరుగులేదు. ఆచరణలో, జలవిశ్లేషణం నుంచి వచ్చిన ద్రవంలో సోడియం లవణాలు దండిగా ఉంటాయి, సారిన్ అయితే ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. విషం నింపిన ఎం55 రాకెట్ల అల్యూమినియం క్షారంలో కరిగి, తర్వాత జిగటగా అవక్షేపిస్తుంది, కాబట్టి రియాక్టర్‌కు ముందే దాన్ని వేరుచేయాలి. యంత్రాలు కట్టారు, పరీక్షలు చేశారు. చివరకు నమ్మకంగా నిరంతరాయంగా నడవడం కష్టమని ఆ మెట్టును పక్కన పెట్టి, విషప్రభావం పోయిన ద్రవాన్ని అనుమతులున్న వేరే కేంద్రానికి పంపించారు. బ్లూ గ్రాస్‌లో చివరి సారిన్ రాకెట్ 2023 జూలై 7న నాశనమైంది. అంతకుముందు ఇండియానాలోని న్యూపోర్ట్‌లో వీఎక్స్ కోసం కూడా మొదట ఇదే పద్ధతి అనుకున్నారు, 2001 సెప్టెంబరు ఉగ్రవాద దాడుల తర్వాత నిల్వలను వీలైనంత త్వరగా వదిలించుకోవాలన్న ఒత్తిడిలో దాన్ని వదిలేశారు. ఈ రెండు ఉదంతాలు చూపి పద్ధతే విఫలమైందనేవాళ్లతో నేను ఏకీభవించను. రసాయనం పనిచేసింది. అత్యంత ఉప్పు, అత్యంత తుప్పు, అత్యంత మార్పులు ఉండే ద్రవాన్ని, గడువు తరుముతున్న వేళ, పరిణతి చెందని యంత్రానికి అప్పగించారు. పద్ధతికి మొదటి పెద్ద పరీక్షగా దానికి సరిపడని పనిని ఎంచుకున్నారని నా అభిప్రాయం.

పేలుడు పదార్థాల విషయంలో మరో అడ్డంకి ముందుకు వస్తుంది. అధిక పీడన పంపులో ఘన పేలుడు పదార్థాన్ని పెట్టలేం. టీఎన్‌టీ లీటరు నీటిలో దాదాపు 100 మిల్లీగ్రాములే కరుగుతుంది, ఆర్‌డీఎక్స్ అందులో దాదాపు సగమే కరుగుతుంది. అంత పలుచటి ద్రావణంతో టన్నుల నిల్వను వదిలించాలంటే ఒక చెరువు నీళ్లు కావాలి. నీటిలో పొడిగా కలిపి పంపితే ఎక్కడైనా అడుగున పేరుకొని ప్రమాదం తెచ్చిపెడుతుంది. అందుకని ముందు వేరొక రసాయన చర్యతో పేలుడు స్వభావాన్ని పోగొట్టి, ఆ ద్రవాన్ని రియాక్టర్‌కు పంపడమే సరైన మార్గం. ఏ పదార్థానికి ఏ ముందస్తు చర్య సురక్షితమన్నది మారుతుంది. ఒకదానికి సరిపోయినది మరొకదానిలో మరింత సున్నితమైన లవణాలను పుట్టించవచ్చు. కాబట్టి ఇది శిక్షణ, అనుమతి, కవచగోడలు ఉన్న కేంద్రాల పని. ఫిరంగి గుండును విప్పడం, లోపలి పదార్థాన్ని కరిగించో కోసో బయటికి తీయడం, లోహాన్ని శుభ్రపరచడం కూడా రియాక్టర్‌కు అవతల మిగిలే పనులే. ఖర్చులోనూ ప్రమాదంలోనూ అధికభాగం అక్కడే ఉంటుంది.

నాశనం చేయకుండా తిరిగి రాబట్టుకునే మార్గం గురించి కొంచెం. సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్‌లో టీఎన్‌టీ ఓ మోస్తరుగా కరుగుతుంది, ఆర్‌డీఎక్స్, దానిలాంటిదే అయిన హెచ్‌ఎంఎక్స్ దాదాపు కరగవు. దాదాపు 60 శాతం ఆర్‌డీఎక్స్, 40 శాతం టీఎన్‌టీ, కాస్త మైనం ఉండే కాంపోజిషన్ బి వంటి మిశ్రమాన్ని విడదీయడానికి ఈ తేడాను వాడుకోవచ్చని ప్రయోగాలు చూపాయి. పీడనం తగ్గిస్తే వాయువు ఎగిరిపోతుంది, కడిగిన ద్రావణి వ్యర్థం మిగలదు, టీఎన్‌టీ కలిసి గులాబీరంగుకు తిరిగిన విషపు నీళ్ల బెడద ఉండదు. ఘన రాకెట్ ఇంధనాల విషయంలో అమెరికా సైన్యపు క్షిపణి విభాగం 1990లలో రెడ్‌స్టోన్ ఆయుధాగారంలో అమ్మోనియాతో ఇలాంటి పనే చేసింది. అమ్మోనియం పెర్‌క్లోరేట్, హెచ్‌ఎంఎక్స్ రెండూ అమ్మోనియాలో బాగా కరుగుతాయి, రబ్బరు బంధకం కరగదు. రాబట్టిన పదార్థానికి కొనేవాళ్లుంటేనే ఈ మార్గం గిట్టుబాటవుతుంది. లేకపోతే ఒక పాత నిల్వ స్థానంలో మరో కొత్త నిల్వ మిగులుతుంది, దానికీ కాపలా కావాలి.

ఇప్పుడు సూపర్‌క్రిటికల్ నీటికి అన్నివిధాలా తగిన పని ఏదని నన్నడిగితే నురుగు నిల్వలనే చెబుతాను. ఇంధన మంటలను ఆర్పడానికి అమెరికా నౌకాదళం 1960లలో అభివృద్ధి చేసిన పలుచటి పొర కట్టే నురుగు ఎన్నో దేశాల సైన్యాలకు చేరింది. దానికి ఆ గుణం ఇచ్చినవి పీఫాస్ అనే ఫ్లోరిన్ సమ్మేళనాలు. కార్బన్, ఫ్లోరిన్ బంధం కర్బన రసాయనశాస్త్రంలో అతి బలమైన బంధాల్లో ఒకటి, అందుకే అవి నేలలో, నీటిలో, రక్తంలో చెక్కుచెదరకుండా ఉండిపోతాయి. వాటిలో ఒకటైన పీఎఫ్‌ఓఎస్‌ను 2009లో స్టాక్‌హోమ్ ఒడంబడిక పరిమితుల జాబితాలోకి చేర్చారు. అమెరికా చట్టం తమ సైన్యం ఈ నురుగు వాడకాన్ని 2024 అక్టోబరు 1 నాటికి ఆపాలని, పొడిగింపులకు వీలుంచి, నిర్దేశించింది. అంటే డ్రమ్ముల కొద్దీ ద్రవం ఇప్పుడు దారి కోసం ఎదురుచూస్తోంది. మామూలు కొలిమిలో కాలిస్తే అరకొరగా తెగిన ముక్కలు గాలిలోకి పోతాయేమోనన్న అనుమానంతో అమెరికా రక్షణశాఖ దహనం మీద కూడా కొంతకాలం నిషేధం పెట్టింది.

ఈ నురుగు రియాక్టర్‌కు అనువుగా ఉండటానికి కారణాలు చాలానే ఉన్నాయి. అది ముందే ద్రవం, పేలదు, విప్పాల్సిన గుండు లేదు, అందులోని గ్లైకాల్ ఈథర్ ద్రావణి తనంతట తాను ఇంధనంగా పనిచేసి వేడిని అందిస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనంలో మూడు వేర్వేరు సంస్థల సూపర్‌క్రిటికల్ యంత్రాలు పలచన చేసిన నురుగులోని కొలిచిన పీఫాస్‌ను 99 శాతానికి పైగా తగ్గించాయి. అయితే పీఎఫ్‌ఓఎస్ వంటి సల్ఫోనేట్లు మొండివి. 400 డిగ్రీలు దాటినంత మాత్రాన అవి తెగవు, ఉష్ణోగ్రత 600 దరిదాపుల్లో నిలకడగా ఉండాలి. నడక మొదలయ్యేటప్పుడు, ఆగేటప్పుడు ఆ వేడి ఉండదు కాబట్టి ఆ సమయంలో నురుగును కాకుండా ఆల్కహాల్ కలిపిన శుభ్రమైన నీటినే పంపాలి.

మీ ప్రాంతంలో ఎవరైనా ఇలాంటి కేంద్రం పెడతామని వస్తే, ప్రకటించే నాశన శాతం దగ్గరే ఆగిపోకండి. ఆ శాతం జాబితాలోని కొన్ని సమ్మేళనాలు ఎంత మాయమయ్యాయో మాత్రమే చెబుతుంది, అవి ఏమయ్యాయో చెప్పదు. లోపలికి వెళ్లిన మొత్తం ఫ్లోరిన్ ఎంత, బయటి నీటిలో ఫ్లోరైడ్‌గా తేలింది ఎంత అని అడగండి. ఆ రెండూ దగ్గర దగ్గరగా సరిపోతే బంధాలు నిజంగా తెగాయి. పెద్ద తేడా ఉంటే ఆ ఫ్లోరిన్ చిన్న ముక్కలుగా వాయువులో పోయి ఉండాలి, లేదా రియాక్టర్ గోడకు ఉప్పుతో పాటు అంటుకొని ఉండాలి. కాబట్టి వాయువు నమూనాల ఫలితాలు, రియాక్టర్ కడిగిన నీళ్ల ఫలితాలు, గోడ నుంచి గీకిన పెళ్లల ఫలితాలు మూడూ చూపమనండి. నీటిలో నికెల్, ఆరు సంయోజకత క్రోమియం ఎంతున్నాయో, ఆ ఫ్లోరైడ్‌ను సున్నంతో కాల్షియం ఫ్లోరైడ్‌గా దింపుతారో లేదో, దింపిన మడ్డి ఎక్కడికి వెళ్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. యంత్రం ఆగకుండా ఎన్ని గంటలు నడిచిందో, ఎన్ని గంటలకోసారి కడగాల్సి వచ్చిందో నమోదు చేసిన లాగ్‌బుక్ కూడా అడగండి. ఆ పుస్తకం చూపడానికి వెనకాడే సంస్థ ఎంత మంచి శాతం చెప్పినా నేనైతే అనుమతికి సిఫారసు చేయను.